ఒంటరివాళ్ళ ఇంటికి ఆఖర్న వెళ్ళాలి

నాలుగేళ్ళ కిందట, క్రిస్మస్ ముందు ఆదివారం పూజ అయ్యాక మా విచారణ ఆవరణలో, అంటే మా కతోలిక గుడి ఆవరణలో, బియ్యం సంచులు పంచాం. షామియానా వేశాం, బ్యానరు కట్టాం, కుర్చీలు వరసగా వేసి ముసలివాళ్ళని కూర్చోబెట్టాం. ఒక్కొక్కళ్ళనీ లేపి, చేతిలో సంచి పెట్టి, దాత పక్కన నిలబెట్టి ఫోటో తీశాం. తీసింది నేనే. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ నేనే.

మర్నాడు రాత్రి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. మేం రైల్వే గేటు మామ్మ అని పిలిచే ఆవిడ కొడుకు. అక్కడ సెంట్రింగు పని చేస్తాడు.

"టీచరమ్మా, మాయమ్మకి నాను నెలనెలా డబ్బులేస్తన్నాను. ఒకోపాలి ఆలీసం అవుతాది, నిజిమే. ఆ ఫోటో మా సైటులో అందరి ఫోన్లలోకీ వచ్చీసింది. మాయమ్మని ముష్టిదాన్ని చేసీసినారు."

తిట్టలేదు. ఏడ్చాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు బడి అయ్యాక మామ్మ ఇంటికెళ్ళాను. విజయనగరంలో పట్టాల పక్కన రేకుల గది. మేమిచ్చిన సంచి కట్టు విప్పకుండా మూల నిలబెట్టి ఉంది. పక్కనే ఇంకో సంచిలో కోటా బియ్యం. "బియ్యానికేటమ్మా, ఉన్నాయి. వండుకుందుమంటే సెయ్యి లెగనేదు" అంది. కుడి భుజం పైకి రావడం లేదు. గ్యాస్ బండ అయిపోయి పదిరోజులైంది. పక్కింటివాళ్ళు పెట్టిన చద్దన్నం గంజి పోసుకుని తింటోంది. నేను లేచి గుమ్మం దాటుతుంటే అడిగింది: "మళ్ళీ ఎప్పుడొస్తావు?"

దానికీ నా దగ్గర జవాబు లేదు. అప్పటికి పదకొండేళ్ళుగా విచారణ సేవలో ఉన్నాను. ఎవరికి ఏం ఇచ్చామో రాసిన పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. మళ్ళీ ఎప్పుడు వస్తామో రాసిన పుస్తకం ఒక్కటీ లేదు.

నేను ఇక్కడ వాదించేది ఒకే మాట. విచారణ సేవని సంచుల్లో, చీరల్లో లెక్కపెట్టడం మానాలి. ఎన్ని గుమ్మాలకి, ఎన్ని వారాలు మానకుండా వెళ్ళామో అదే లెక్క కావాలి. మా విచారణలో ఈ మాటకి ఇంకా అందరూ ఒప్పుకోలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మొదట బియ్యం సంగతి. మన దగ్గర బియ్యం కార్డున్న మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డయితే ఇంటికి 35 కిలోలు ఉచితంగా వస్తున్నాయి. ముసలితనంలో ఒంటరిగా ఉన్న మనిషి ఎంత తింటుంది? పళ్ళు లేని నోటికి కావలసింది మెత్తగా వండిన పప్పన్నం, పల్చటి చోడంబలి, అదే రాగి జావ. మేం పంచింది ఆ ఇంట్లో అప్పటికే ఉన్న ఒకే ఒక్క వస్తువు. ఆ పది కిలోలు ఇంటికి మోసుకుపోవడానికి ఆవిడ ఆటోకి డబ్బులిచ్చుకుందని తర్వాత తెలిసింది.

ఈ పొరపాటు మాతో మొదలైంది కాదు. కతోలికుల్లో పేదల సేవ అనగానే గుర్తొచ్చే పునీత విన్సెంట్ డి పాల్ గారు 1617లో ఫ్రాన్సులోని షతియ్యోఁ అనే చిన్న ఊళ్ళో విచారణ గురువుగా ఉన్నారు. ఒక ఆదివారం పూజకి సిద్ధమవుతుంటే, ఊరికి దూరంగా ఒక ఇంట్లో అందరూ జబ్బున పడ్డారు, గంజి కాచిచ్చే దిక్కు లేదు అని కబురొచ్చింది. ప్రసంగంలో ఆ మాట చెప్పారు. మధ్యాహ్నం తనూ బయల్దేరి వెళ్తే దారి పొడుగునా జనం. ఊరు ఊరంతా రొట్టె, మాంసం పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళొస్తోంది. ఇంకొకరైతే అది చూసి మురిసిపోయి ఊరుకునేవారు. ఆయనకి వచ్చిన ఆలోచన వేరు. ఇవాళ వీళ్ళకి తినగలిగిన దానికన్నా ఎక్కువ వచ్చిపడింది, కొంత పాడైపోతుంది, రేపట్నుంచి మళ్ళీ పస్తే. ఊళ్ళో దయకి కొరత లేదు, దయకి ఒక వరస లేదు.

కొద్ది రోజుల్లోనే ఆ ఊరి ఆడవాళ్ళని కూడగట్టారు, రోజుకొకరు వంతున. ఆ ఏడాదే వాళ్ళకి ఒక నియమావళి రాసిచ్చారు. రోగి దగ్గరికి వెళ్ళగానే నవ్వుతూ పలకరించాలి, బల్ల మీద గుడ్డ పరవాలి, చేతులు కడగాలి, ప్రేమగా తినిపించాలి. ఇలా చిన్నచిన్న పనులన్నీ అందులో ఉన్నాయి. వాటి నడుమ ఒక మాట ఉంది. తోడున్న రోగి ఇంటికి ముందు వెళ్ళండి, ఒంటరిగా ఉన్నవాళ్ళ ఇంటికి ఆఖర్న వెళ్ళండి, అప్పుడు వాళ్ళ దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చు అని.

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాలుగు వందల ఏళ్ళ కిందటి మనిషి మా రైల్వే గేటు మామ్మని చూసి రాసినట్టుంది. మేం చేసేదల్లా తలకిందులు. ఒంటరివాళ్ళు మాటల్లో పెట్టి వదలరని, వాళ్ళ గుమ్మం ముందు బండి ఆపకుండానే సంచి అందించి వెళ్ళిపోయేవాళ్ళం.

ఆయన పేరుతో ఇవాళ లోకమంతా ఉన్న విన్సెంట్ డి పాల్ సభ మాత్రం ఆయన పెట్టింది కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్, మరికొందరు కుర్రవాళ్ళు కలిసి మొదలుపెట్టారు. ఓజనామ్‌కి అప్పటికి ఇరవై ఏళ్ళు. అంతకుముందు ఏడే ఆ నగరంలో కలరా వేలమందిని పొట్టనబెట్టుకుంది. పేదల వాడలో పనిచేస్తున్న సిస్టర్ రొజాలీ రాందూ ఈ కుర్రవాళ్ళకి ఏ ఇంటికి వెళ్ళాలో, ఎలా మాట్లాడాలో నేర్పింది. గురువులు కాదు, మఠవాసులు కాదు, చదువుకునే పిల్లలు. వాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఇప్పటికీ అదే: ఇద్దరిద్దరుగా వెళ్ళడం, పేదవాడి ఇంటికే వెళ్ళడం, అక్కడ చూసింది బయట చెప్పకపోవడం. కూటమి చివర ఒక సంచి తిప్పుతారు. ఎవరెంత వేశారో పక్కవాడికి తెలియదు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న యేసు మాటని ఒక గుడ్డసంచిగా కుట్టుకున్నారు వాళ్ళు. మరి మా షామియానా కింద ఆ మాట ఎక్కడుంది?

ఆ క్రిస్మస్ తర్వాత మేం ఆరుగురం శనివారం తిరగడం మొదలుపెట్టాం. నాకు జంట ఒక అంగన్‌వాడీ ఆయా, నాకన్నా పెద్దది, అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కని అలాగే అంటాం. మిగతావాళ్ళలో ఒకాయన ఆటో తోలతాడు, ఒకావిడ మిషను కుడుతుంది. కలిగినవాళ్ళు లేనివాళ్ళకి చేసే సేవ అనుకుంటారు గానీ, మా ఆరుగురిలో నెలజీతం నిలకడగా వచ్చేది నాకొక్కదానికే. అప్పకి తెలిసినన్ని సంగతులు నాకు తెలియవు. గుమ్మంలోకి వెళ్ళగానే నీళ్ళకుండ మూత తీసి చూస్తుంది. తర్వాత మాత్రల అట్ట. ఎన్ని ఖాళీ అయ్యాయో చూస్తే బీపీ మందు వేసుకుంటున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. తర్వాత కాళ్ళు. వంగలేని మనిషికి కాలిగోళ్ళు పెరిగి చర్మంలోకి దిగుతాయి, నడక ఆగిపోతుంది, నడక ఆగితే మంచం. నేను ఇరవై ఏళ్ళు బళ్ళో సువార్త చెప్పాను. కడరాత్రి శిష్యుల పాదాలు కడిగిన యేసు కథ వందసార్లు చెప్పి ఉంటాను. గోరువెచ్చని నీళ్ళలో ఒక ముసలావిడ పాదాలు నానబెట్టి గోళ్ళు తీయడం అప్ప దగ్గరే నేర్చుకున్నాను.

మా జాబితాలో ఒక తాత ఉన్నాడు. జీవితమంతా జూట్ మిల్లులో పని. మా జిల్లాలో జూట్ మిల్లు తెలియని కుటుంబం తక్కువ, మిల్లుకి తాళం పడడం అంటే ఏమిటో తెలియని కుటుంబమూ తక్కువే. తాతకి పీఎఫ్ పింఛను వస్తుంది. ఆ పథకంలో కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలని పెట్టారు, అదే వస్తోంది. దానికి ఏడాదికోసారి బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి. నారతో పనిచేసి చేసి ఆయన వేలిముద్రలు అరిగిపోయాయి, యంత్రం పట్టదు. మూడుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఇంటికొచ్చి, "నాను బతికున్నానని నాను సెప్తే సాల్దట బావూ" అన్నాడట, మా ఆటో ఆయనతో. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి ఆ సర్టిఫికెట్ పంపే వీలుంది. అప్ప కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, మంచం పక్కన కూర్చుని పావుగంటలో చేసిపెట్టాడు. పది బియ్యం సంచులకన్నా ఆ పావుగంట గొప్ప సేవ అని నేను అంటే, మా కూటమిలో ఒకాయన "అది సేవ ఎలా అవుతుంది, అది ఆఫీసు పని కదా" అన్నారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చదవమన్నాను. తొలి సంఘంలో వచ్చిన మొదటి గొడవల్లో ఒకటి ఏమిటి? రోజువారీ పంపకంలో కొందరు విధవరాళ్ళని వదిలేస్తున్నారని. అపొస్తలులు అది ఆఫీసు పని అని తోసెయ్యలేదు, ఏడుగురిని ఏర్పరచి, వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థించి మరీ అప్పగించారు.

"గవర్నమెంటు నెలకి 4,000 ఇస్తోంది, ఇంటికే తెచ్చిస్తోంది, ఇంకా మీరెందుకు?" అని అడిగేవాళ్ళున్నారు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయింది, నిజం. మంచి పని, దానివల్ల పస్తులు తగ్గాయి, నేను కళ్ళారా చూశాను. కానీ ఒకటో తారీఖున ముసలివాళ్ళ గుమ్మాల దగ్గర ఒకసారి నిలబడి చూడండి. సచివాలయం ఉద్యోగి వచ్చి డబ్బిచ్చి వెళ్తాడు. వెనకాలే కిరాణా బాకీవాడు, చీటీవాడు, ఒక్కోచోట మనవడు. తొమ్మిదయ్యేసరికి మళ్ళీ మంచం, గోడ. మిగతా ఇరవై తొమ్మిది రోజులు ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. డబ్బు ఇవ్వగలిగిన ప్రభుత్వం మనిషిని పంపి అరగంట కూర్చోబెట్టలేదు. అది దాని తప్పు కాదు, దాని పనీ కాదు.

పైగా ఆ డబ్బు అందడానికీ తోడు కావాలి. వికలాంగుల పింఛను 6,000 రావాలంటే వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళ్ళాలి, దానికి ముందు స్లాటు తీసుకోవాలి. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15,000 ఉందని మంచాన పడ్డ మనిషికి ఎవరు చెబుతారు? వృద్ధుల కోసం 14567 అనే ఫోను నంబరు ఉందని మా జాబితాలో ఒక్కరికీ తెలియదు. మేం గోడ మీద బొగ్గుతో పెద్ద అంకెలు రాసొచ్చాం.

మన రాష్ట్రంలో వాలంటీర్ అంటే ఈ మధ్య ప్రభుత్వం పెట్టిన మనిషి అనే అర్థం వచ్చింది కాబట్టి మేం ఆ మాట వాడం. తలుపు తట్టి "గుడి నుంచి వచ్చాం మామ్మా" అంటాం. కొందరికి అది ఏ గుడో తెలియదు. తెలియక్కర్లేదు.

ఇక పిల్లల సంగతి. సేవకి వచ్చే కొత్తవాళ్ళు మొదటి రోజే అనే మాట, "కన్న పిల్లలు ఇలా వదిలేశారా!" నేను ఈ మాట అనవద్దని బతిమాలుకుంటాను. మన ఉత్తరాంధ్రలో కొడుకు ఊళ్ళో లేడంటే వదిలేశాడని కాదు, వలస పోయాడని. హైదరాబాదులో సెంట్రింగు, చెన్నైలో తాపీపని, మన తీరం కుర్రాళ్ళయితే గుజరాత్‌లో వెరావల్ దాకా పోయి పడవెక్కుతారు. ఆ రాత్రి ఫోన్లో ఏడ్చిన కొడుకుని నేను మర్చిపోలేను. తల్లిదండ్రుల పోషణకి 2007 నాటి చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర ఫిర్యాదు పెట్టవచ్చు. ఆస్తి రాయించుకుని బయటికి గెంటిన కేసుల్లో అది అక్కరకొచ్చే ఆయుధమే. రోజుకూలీ కొడుకు మీద అదే ఆయుధం ఎత్తితే తల్లికి దక్కేదేమిటి? మేం చేసింది వేరు. మామ్మ గదిలో కూర్చుని, ఆ కొడుక్కి వారం వారం వీడియో కాల్ కలుపుతాం. మొదటిసారి నా మొహం చూడగానే అతను తల దించుకున్నాడు. నేను అతనికి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు మందులకి డబ్బు అతనే పంపుతాడు, కొనిపెట్టేది అప్ప.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ లెక్క ఇంకా కఠినం. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఇళ్ళకిళ్ళని తినేస్తోంది. అక్కడ ఒక విచారణలో సేవ చేసే స్నేహితురాలు చెబుతుంది: మా దగ్గర ముసలివాళ్ళని చూసే కొడుకులుండరు, కొడుకుల్ని చూసే ముసలివాళ్ళుంటారు అని. డెబ్భై ఏళ్ళ తల్లి నలభై ఏళ్ళ కొడుకుని వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఎక్కిస్తే నాలుగు గంటలు. ఆ విచారణ సేవవాళ్ళు చేసేదల్లా ఆ నాలుగు గంటలూ ఆ తల్లి పక్కన కూర్చోవడం, ఒక ముద్ద తినిపించడం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అదే ఉద్దానానికి లారీల మీద లారీలు వచ్చాయి. మేమూ ఇక్కడి నుంచి ఒక వ్యాను పంపాం. కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఏళ్ళు పడుతుంది. లారీలు మాత్రం దీపావళి నాటికే పలచబడ్డాయి. షతియ్యోఁలో ఆ ఆదివారం మధ్యాహ్నం విన్సెంట్ గారు చూసిందీ సరిగ్గా ఇదే.

మతం మాట కూడా దాటవేయను. బయటివాళ్ళు కొందరు, మీరు మతంలో కలుపుకోవడానికి తిరుగుతారు అంటారు. లోపలివాళ్ళు కొందరు, మన వాళ్ళకే చాలటం లేదు, పరాయివాళ్ళకి ఎందుకు అంటారు. రెండు మాటలకీ నా జవాబు ఒకటే. మా జాబితాలో సగానికి పైగా కతోలికులు కారు. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో ప్రభువు ఆకలిగొంటిని అన్నాడు, రోగినై ఉంటిని అన్నాడు, జ్ఞానస్నానం పొంది ఉంటిని అనలేదు.

రైల్వే గేటు మామ్మ పైడితల్లి అమ్మవారి భక్తురాలు. రెండేళ్ళ కిందట దసరా వెళ్ళగానే, "ఒకపాలి సిరిమాను సూసి సచ్చిపోవాలమ్మా" అంది. సిరిమాను అంటే అమ్మవారి జాతరలో పూజారిని పొడవాటి మాను కొసన కూర్చోబెట్టి ఊరేగించడం. అప్పా నేనూ మొహాలు చూసుకున్నాం. మంగళవారం మధ్యాహ్నం మా ఆటోలోనే తీసుకెళ్ళి, మూడు లాంతర్ల నుంచి కోటకి పోయే దారిలో తెలిసినవాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టాం. సిరిమాను మూడుసార్లు తిరిగినంతసేపూ ఆవిడ లేవని ఆ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పైకెత్తి దండం పెడుతూనే ఉంది. ఆ ఆదివారం విచారణలో నన్ను గట్టిగానే అడిగారు. నేను చెప్పింది ఇది: నేను అమ్మవారికి మొక్కలేదు, నా విశ్వాసం ఎక్కడుందో నాకు తెలుసు. నేను మోసింది ఒక ముసలావిడ కోరికని. మంచం దిగలేని మన వాళ్ళకి నెల మొదటి శుక్రవారం దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం, ఇంటికి మోసుకెళ్తాం కదా, గుడికి రాలేని బాధ ఏమిటో మనకన్నా ఎవరికి తెలియాలి? కొందరికి నా జవాబు నచ్చలేదు. నేను దానికే కట్టుబడి ఉన్నాను.

అన్నిటికన్నా కష్టమైన వాదన దాతలతో. ఫోటో లేకపోతే డబ్బు రాదు అన్న భయం మా సభలో నిజంగానే ఉంది. పుట్టినరోజుకి యాభై మందికి చీరలిస్తాను అని వచ్చేవాళ్ళని నొప్పించలేం. వాళ్ళలో మంచితనం లేదని నేను అనను. షతియ్యోఁ జనం కూడా మంచివాళ్ళే. నేను వాళ్ళని అడిగేదల్లా, మాతో ఒక్క శనివారం రండి, చీర మీ చేత్తోనే ఇవ్వండి, ఇచ్చి కూర్చోండి. అలా వచ్చిన ఒకావిడ చీరల సంగతి వదిలేసి, ఏడుగురికి దోమతెరలు, ఇద్దరికి చక్రాల కమోడు కుర్చీలు కొనిచ్చింది. ఏం కావాలో ఆ గదిలో పది నిమిషాలు కూర్చుంటే ముక్కుకే తెలుస్తుంది. రాను, ఫోటో పంపండి అన్నవాళ్ళు కొందరు తగ్గారు. ఆ మేరకి డబ్బూ తగ్గింది. తగ్గిన డబ్బుతో ఎక్కువ ఇళ్ళకి వెళ్తున్నాం.

మా శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక బిషప్పు గారి కింద ఉండే విచారణలన్నీ, 1993లో విశాఖ నుంచి విడిపడి ఏర్పడింది. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ ఇందులోవే. కొండ అంచు నుంచి కడలి అంచు దాకా ఎన్ని విచారణలు, ఒక్కో విచారణ కింద ఎన్ని ఊళ్ళు! ప్రతి ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఉన్నాడు, మరియమాత పేరున సేవ చేసే మరియదళం ఉంది, యువత ఉంది. పోపు ఫ్రాన్సిస్ గారు మొదలుపెట్టిన పేదల దినం 2017 నుంచి ఏటా నవంబరులో జరుపుకుంటున్నాం. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలు పెడుతున్నాం, బాగుంది. ఈ ఏడు భోజనం విస్తళ్ళతో పాటు ఒక పుస్తకం కూడా పెడదామని నేను విచారణ సలహా సంఘంలో అడగబోతున్నాను. ఎడమవైపు ఒంటరి ఇళ్ళు, కుడివైపు ఆ ఇంటికి వారానికోసారి వెళ్తామని ఒప్పుకున్న ఇద్దరి పేర్లు. కుడివైపు గీత ఖాళీగా ఉన్న ఇల్లు ఒక్కటి ఉన్నా, డిసెంబరులో బ్యానరుకి డబ్బు అడగకూడదు.

ప్రస్తుతానికి మా పుస్తకంలో ఖాళీ గీతలు మూడు. అందులో ఒకటి మిల్లు తాతది. పోయిన నెల పడిపోయాడు, ఇప్పుడు మంచం మీదే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. పగలు తిప్పడానికి పక్కింటి కుర్రాడు ఒప్పుకున్నాడు. బుధ, శుక్రవారాలు పొద్దున్న ఒళ్ళు తుడిచి పక్క మార్చడానికి బరువెత్తగల మనిషి ఒకరు కావాలి. ఆరున్నరకి మొదలుపెడితే ఏడున్నరకి అయిపోతుంది. వీలున్నవాళ్ళు ఆదివారం రెండో పూజ తర్వాత బావి దగ్గర నన్ను గానీ అప్పని గానీ కలవండి.